బుడమేరు వరద వచ్చినప్పుడు కలిసినవాళ్లం, ఇప్పుడెందుకు కలవడం లేదు?

సంపాదకులకు నమస్కారం.

మాది విజయవాడ సింగ్‌నగర్. చిన్న కుట్టు షాపు నడుపుకుంటూ, పద్దెనిమిదేళ్లుగా పొదుపు సంఘంలో ఉన్నాను. అందులో చాలా ఏళ్లు లీడర్‌గా చేశాను. ఏటా నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10 వరకు, ఆడవాళ్ల మీద హింసకు వ్యతిరేకంగా పదహారు రోజులపాటు కార్యక్రమాలు జరుగుతాయి. ర్యాలీలకు నేనూ వెళ్తాను. ఒక సంస్థ బ్యానర్ వెనక ఆ సంస్థ వాళ్లే నడుస్తారు. ఇంకో సంస్థ ఇంకో రోజు, ఇంకో బ్యానర్‌తో వస్తుంది. ఫొటోలయ్యాక ఎవరి ఆటో వాళ్లెక్కి వెళ్లిపోతారు. వాళ్ల శ్రద్ధను నేను తప్పుపట్టడం లేదు, ఎండలో గొంతు పోయేదాకా మాట్లాడినవాళ్లు వాళ్లలో ఉన్నారు. కానీ దెబ్బలు తిన్న ఆడమనిషి ఈ ఊళ్లో ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాల్సి వస్తోందో దగ్గరుండి చూశాక, ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మా సంఘంలో ఒక అమ్మాయి ఉంది. పేరు రాయను. కిస్తీ కట్టే రోజు అందరికన్నా ముందు వచ్చేది. ఒక నెల రాలేదు. రెండో నెల డబ్బు ఆడపడుచు చేత పంపింది. మూడో నెల నేనే ఇంటికి వెళ్లాను. అంత ఉక్కపోతలోనూ మోచేతులు దాటిన చేతుల జాకెట్టు వేసుకుని ఉంది. అది నేను కుట్టిందే. "అక్కా, చేతులు కాస్త పొడుగ్గా పెట్టు" అని అడిగి మరీ కుట్టించుకుంది. ఎందుకని నేను అడగలేదు. కొలతలు తీసేటప్పుడైనా అడిగి ఉండాల్సింది.

సంఘంలో ఆమె పేరున తీసుకున్న అప్పు మొత్తం భర్త చేతికి వెళ్లింది. ఇంకో అప్పు తెమ్మన్నాడు. కుదరదంది. దెబ్బలు అక్కడ మొదలయ్యాయి. ఆమె ముందు పోలీసుల దగ్గరికి వెళ్లలేదు, పుట్టింటికి వెళ్లింది. సర్దుకుపొమ్మన్నారు. తర్వాత వాళ్ల పెద్దమనుషుల దగ్గరికి వెళ్లింది. వాళ్లు భర్తను కూర్చోబెట్టి మందలించి, కాగితం మీద సంతకం పెట్టించి, ఆ రాత్రే ఇద్దరినీ కలిపి ఇంటికి పంపేశారు. నాలుగో రోజు మళ్లీ కొట్టాడు, ఈసారి నలుగురిలో పరువు తీసిందని. అప్పుడు నేను తోడు వెళ్లాను. ఒక ఆఫీసులో జరిగిందంతా చెప్పింది. ఇది మా పరిధి కాదని ఇంకో చోటికి పంపారు. అక్కడ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. చూడాల్సిన మేడమ్ లేరు, సోమవారం రమ్మన్నారు. ఆస్పత్రిలో ఇంకోసారి చెప్పింది. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఓపిగ్గా విన్నారు గానీ, రాత్రికి ఉంచుకునే చోటు వాళ్ల దగ్గర లేదు. పుట్టింటిని, పెద్దమనుషులను కూడా కలిపితే ఆరు చోట్లయింది. చివరికి ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఇంకో చోటికి రానంది. "ఇంటికెళ్లిపోతా అక్కా, పిల్లలు బడి నుంచి వచ్చేస్తారు" అంది.

చట్టాలు లేకపోతే అది వేరే మాట. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు ఆమే పెట్టాలని లేదు, ఆమె తరఫున ఎవరైనా పెట్టొచ్చు. మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి విచారణ జరగాలని, ఆ తర్వాత అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని అందులోనే ఉంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే, తను కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఏ ఆడమనిషికైనా, ఆదాయం ఎంతో చూడకుండా, 1987 న్యాయసేవల చట్టం కింద ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, కాబట్టి ఫీజుల టెన్షన్ అక్కర్లేదు. ఇంకొకటి కూడా ఆ గృహహింస చట్టంలోనే ఉంది. పక్కింట్లో కొడుతున్నారని నమ్మే కారణం ఉంటే ఎవరైనా రక్షణాధికారికి, అంటే ఆ చట్టం కింద పెట్టిన అధికారికి, చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ పడదు. ఈ సంగతి మా వీధిలో ఒక్కరికీ తెలియదు. "మనకెందుకు, రేపు కోర్టుల చుట్టూ తిరగాలి" అని టీవీ సౌండు పెంచుకుంటారు. నేనూ ఒకప్పుడు అలా పెంచుకున్నదాన్నే.

ఫోన్ చేయడానికి ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 ఉంది, అత్యవసరానికి 112 ఉంది, న్యాయ సహాయానికి 15100 ఉంది. జిల్లా స్థాయిలో, హింసకు గురైన ఆడవాళ్లకు కావాల్సిన సాయమంతా ఒకేచోట ఇచ్చే సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంది. వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉన్నారు. అన్నీ ఉన్నాయి, కానీ ఒకదాని నుంచి ఇంకోదాని దాకా ఆమె చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లే లేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో వందకు 29 మంది భర్త చేతిలో శారీరక హింసో లైంగిక హింసో పడ్డామని అందులో చెప్పారు. హింసకు గురైనవాళ్లలో సాయం కోసం ఎవరినైనా అడిగింది వందకు 14 మందే. ఆ అడిగినవాళ్లు కూడా ఎక్కువగా అయినవాళ్లనే అడిగారు తప్ప స్టేషన్‌కు వెళ్లింది చాలా తక్కువ. అంటే ఆమె మొదట తట్టే తలుపు మనదే. పుట్టిల్లు, పక్కిల్లు, పొదుపు సంఘం, చర్చి, మసీదు, గుడి, కుల సంఘం. అక్కడే వెనక్కి పంపేస్తే ఆమె ఇంకో తలుపు తట్టదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా మీదికి వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు, తాగే నీళ్లు లేవు. అప్పుడు చర్చి వాళ్లు అన్నం వండి తెచ్చారు, మసీదు నుంచి పొట్లాలు వచ్చాయి, గుడి నుంచి పులిహోర వచ్చింది. కుర్రాళ్లు మెడలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు తోసుకుంటూ వచ్చారు. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఎవరికి షుగర్ మందులు అయిపోయాయి అనేది మా సంఘం ఆడవాళ్లం మేడల మీద నుంచే పేర్లతో సహా చెప్పాం. ఆ లిస్టు మాకు నోటికి వచ్చు. ఎవరూ ఇది మా పరిధి కాదనలేదు. ఎవరి బ్యానర్ ముందుండాలో ఎవరూ అడగలేదు.

నేను కోరేది అలాంటి కలయికే. వార్డు వార్డుకీ నెలకోసారి అందరూ ఒకచోట కూర్చోవాలి. సంఘాల లీడర్లు, సంఘాల పని చూసే ఆర్‌పీలు (రిసోర్స్ పర్సన్లు), అంగన్‌వాడీ టీచర్లు, ఆశా వర్కర్లు, ప్రార్థన మందిరాల కమిటీలు, కుల సంఘాల పెద్దలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, ఆటో యూనియన్ వాళ్లు, స్వచ్ఛంద సంస్థలు రావాలి. ఒకరి దగ్గర రాత్రికి ఉంచే చోటు ఉంటుంది. ఒకరికి లాయర్లు తెలుసు. ఒకరి దగ్గర అర్ధరాత్రి పిలిచినా వచ్చే ఆటో ఉంటుంది. అవన్నీ ఒక కాగితం మీదికి రావాలి. బాధితురాలు ఏ గుమ్మం ఎక్కినా, అక్కణ్నుంచి ఒకే మనిషి చివరిదాకా ఆమె వెంట ఉండాలి. జరిగింది ఆమె ఒప్పుకుంటే ఒక్కసారే రాసుకోవాలి, మళ్లీ మళ్లీ చెప్పించకూడదు. వాసవ్య మహిళా మండలి లాంటి సంస్థ మన ఊళ్లో 1969 నుంచి పనిచేస్తోంది. అంత అనుభవం ఉన్నవాళ్లు మాలాంటి సంఘాలకు ఎలా మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో నేర్పాలి.

ఇందులో రెండు చిక్కులున్నాయి, దాచను. మొదటిది గుట్టు. ఆమె మాకు చెప్పింది సాయంత్రానికి కుళాయి దగ్గరికి చేరితే, రాత్రికి భర్త చెవిన పడుతుంది. ఆ రాత్రి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే నెల మీటింగుల్లో పేర్లు, ఇళ్లు ఎత్తకూడదు. తోడు వెళ్లే మనిషికి తప్ప ఇంకెవరికీ వివరాలు తెలియకూడదు. నోరు జారినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా పక్కకు తప్పుకోవాలి.

రెండోది రాజీ. దీని మీదే సంఘాలు గట్టిగా ఒక మాటకు రావాలి. పెద్దమనుషులు చెడ్డవాళ్లు కాదు, కాపురం నిలబెడుతున్నామనే అనుకుంటారు. కానీ కొట్టినవాణ్ని పక్కన కూర్చోబెట్టి "ఏమ్మా, వెళ్తావా?" అంటే ఆమె ఏమంటుంది? ఆమెను విడిగా, ఆడవాళ్ల సమక్షంలో అడగాలి. దెబ్బలున్న చోట ముందు ఆస్పత్రికి, ఆ తర్వాతే మాటలు. ఆమె వద్దన్నప్పుడు కాగితాలూ సంతకాలూ ఏవీ ఉండకూడదు. అన్ని సంఘాలూ కలిసి ఇలా తీర్మానం చేస్తే, ఒక గుమ్మంలో కుదరనిది ఇంకో గుమ్మంలో రాజీ చేయించుకోవడం భర్తకు కుదరదు.

ఇళ్ల సంగతే కాదు. మా చెల్లెలు గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్తుంది. ఒక చోట మేస్త్రీ వెకిలి చేష్టలు పడలేక సీజన్ మధ్యలో మానేసింది. పనిచేసే చోట లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది కన్నా తక్కువ పనిచేసే చోట కూడా జిల్లా లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఆ కమిటీ పేరు మా చెల్లెలికి ఎవరు చెప్పాలి? కూలీల సంఘమో, వాళ్ల పొదుపు సంఘమో చెప్పాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు. పక్క ఊళ్లూ కలిశాయి, జిల్లాలు కలిశాయి, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్లలో చాలామంది కడుపు మండింది సారా వాసన కన్నా, తాగొచ్చి కొట్టే చేతి మీద.

ఆ అమ్మాయి ఇప్పుడు పిల్లలతో వేరే ఇంట్లో ఉంటోంది. కేసు నడుస్తోంది. సంఘానికి మళ్లీ వస్తోంది. ఆ చివరి గుమ్మం తర్వాత ఇక్కడిదాకా రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

మా వార్డులో ఈ మీటింగ్ మొదలుపెట్టడానికి మా సంఘం నుంచి ముగ్గురం సిద్ధంగా ఉన్నాం. చోటు దొరకలేదని ఎవరూ ఆగొద్దు. రెండో ఆదివారం మధ్యాహ్నం నా షాపు ఖాళీగా ఉంటుంది, మిషన్లు గోడకు జరిపితే పదిహేను మంది కూర్చోవచ్చు.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం సభ్యురాలు,
సింగ్‌నగర్, విజయవాడ