చివరి వరుసలో చోటిచ్చిన అమ్మకు

నాన్న పోయిన దిగులుతో మొదటిసారి ఒంటరిగా చర్చికి వెళ్లాను. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక ఒకటే టెన్షన్. చివరి వరుసలో ఒక పెద్దావిడ పక్కకు జరిగి చోటిచ్చారు. ఎందుకొచ్చావని అడగలేదు. 23వ కీర్తన అనగానే నేను బైబిలు మొదటి పేజీల్లో వెతుకుతున్నాను. ఆవిడ తన బైబిలు సరిగ్గా మధ్యకు తెరిచి నా ఒళ్లో పెట్టారు. చదువుతున్న వచనం కింద వేలు ఉంచారు. వేలు కొద్దిగా వణుకుతోంది, అయినా 6 వచనాలూ అయ్యేదాకా తీయలేదు.

యేసును తలచుకుంటూ చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం కోసం అందరూ లేచినప్పుడు నాకు కాళ్లాడలేదు. "కూర్చో తల్లీ, తీసుకోకపోయినా ఏం కాదు" అని మెల్లగా చెప్పి, తనూ నా పక్కనే కూర్చుండిపోయారు. కొత్తవాళ్లకు కావాల్సింది సరిగ్గా ఆ మాటే.

అమ్మా, మీ పేరైనా అడగలేదు. వచ్చే ఆదివారం అదే వరుసలో మీకోసం చూస్తాను.