పోలార్ వోర్టెక్స్ వార్తల్లో మన సముద్రం ఊసేదీ?

సంపాదకుల వారికి,

నమస్కారం. డిసెంబరు దాటితే చాలు, తెలుగు పత్రికల విదేశీ పేజీల్లో, టీవీ స్క్రోలింగుల్లో ఒక వార్త తప్పకుండా కనబడుతుంది: పోలార్ వోర్టెక్స్ దెబ్బకు అమెరికా గజగజ. మంచులో కూరుకుపోయిన కార్ల ఫొటో ఒకటి, రద్దయిన విమానాల లెక్క ఒకటి, డల్లాస్‌లోనో చికాగోలోనో ఉన్న మనవాళ్ల ఫోన్ మాటలు రెండు. అంతటితో సరి. ఆ సుడి ఏమిటి, ఎందుకు చెదిరింది, అందులో మన వైపు సముద్రాల ప్రమేయం ఏమైనా ఉందా అని అడిగేవాళ్లు ఉండరు. పాతికేళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం కాస్త పాఠంలా సాగితే మన్నించాలి.

"సముద్రాలు వేడెక్కాయి, ఆ వేడిగాలి ధ్రువానికి పోయి అక్కడి చలిని కిందికి తోసేసింది" అనే వివరణ ఒకటి వాట్సాప్‌లో చాన్నాళ్లుగా తిరుగుతోంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ జరిగేది అది కాదు.

శీతాకాలంలో ఉత్తర ధ్రువానికి సూర్యుడు మొహం చూపించడు. దాంతో స్ట్రాటోస్ఫియర్‌లో, అంటే మన వానమబ్బులు ఉండే పొరకు పైనున్న పొరలో, గాలి మైనస్ 80 డిగ్రీల దాకా చల్లబడుతుంది, దాని చుట్టూ పడమటి గాలులు పెద్ద సుడి కట్టి తిరుగుతాయి. పోలార్ వోర్టెక్స్ అంటే ఇదే. ఇక ఉష్ణమండలంలో నీళ్లు బాగా వేడెక్కిన చోట మేఘాలు 15 కిలోమీటర్ల ఎత్తుకు లేస్తాయి. ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే వేడికి అక్కడి గాలి కదిలిపోయి వేల కిలోమీటర్ల పొడవున్న తరంగాలు పుడతాయి, ధ్రువాల వైపు సాగుతాయి. ఎల్ నినో ఏడాదుల్లో, అంటే పసిఫిక్ నీళ్లు మామూలుకంటే వేడెక్కిన ఏడాదుల్లో, ఆ సముద్రం నడిమధ్య పుట్టిన తరంగాలు అలాస్కా దిగువన అల్యూషియన్ దీవుల దగ్గర ఉండే అల్పపీడనాన్ని ఇంకా లోతు చేస్తాయి. హిమాలయాలు, రాకీ పర్వతాలు, నేలకూ నీటికీ ఉన్న వేడి తేడా వల్ల చలికాలమంతా ఉండే పెద్ద తరంగాలకు ఇవి తోడవుతాయి. పొట్టి తరంగాలు పైకి ఎక్కలేవు. భూమి చుట్టూ ఒకటి రెండు మడతలుగా పరుచుకునేంత పొడవున్నవే స్ట్రాటోస్ఫియర్ చేరతాయని చార్నీ, డ్రాజిన్ అనే శాస్త్రవేత్తలు 1961లో లెక్కగట్టి చూపించారు. అక్కడికి చేరి అవి విరుగుతాయి, సుడి వేగాన్ని లాగేస్తాయి. సుడి మందగించగానే ధ్రువం మీది గాలి కిందికి దిగుతుంది, దిగేకొద్దీ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చేతికి కాలుతుందే, అదే సూత్రం. కొద్ది రోజుల్లోనే 30, 40, ఒక్కోసారి 50 డిగ్రీలు పెరిగిపోతుంది. సుడి ఇలా చెదిరాక అది పట్టి ఉంచిన చలిగాలి దక్షిణానికి, అంటే అమెరికా, యూరప్‌ల మీదికి జారే అవకాశం పెరుగుతుంది. ఇక్కడి సముద్రపు వేడి అక్కడికి పోయి కూర్చోదు. వెళ్లేది తోపు మాత్రమే.

ధ్రువం పైన గాలి ఇలా ఒక్కసారిగా వేడెక్కడాన్ని మొదట పసిగట్టింది 1952లో బెర్లిన్‌లో వాతావరణ శాస్త్రవేత్త రిచర్డ్ షెర్‌హాగ్. ఆయన చేతిలో ఉపగ్రహాలేమీ లేవు. మన వాతావరణ శాఖ విశాఖలో, హైదరాబాద్‌లో వదిలే బెలూన్ల లాంటివే ఆయనకు ఆధారం.

ఇక మన హిందూ మహాసముద్రం సంగతి. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వేసిన నివేదిక ప్రకారం 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఒక డిగ్రీ వేడెక్కింది. ఆ కాలంలోనే ప్రపంచ సముద్రాల సగటు 0.7 డిగ్రీలు. పసిఫిక్ వేడెక్కితే ధ్రువ సుడి బలహీనపడే అవకాశం ఎక్కువ. హిందూ మహాసముద్రం వేడెక్కితే అక్కడ పుట్టే తరంగాలు చాలా వరకు ఆ పెద్ద తరంగాలకు ఎదురుపడి వాటిని తగ్గించి, సుడిని బలపరుస్తాయని మోడల్ ప్రయోగాలు చెబుతున్నాయి. రెండూ ఒకేసారి వేడెక్కుతున్నాయి మరి! అందుకే "గ్లోబల్ వార్మింగ్ వల్ల సుడి బలహీనపడుతోంది" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లను చూస్తే నాకు నమ్మకం కుదరదు.

2019 చివర్లో ఆఫ్రికా వైపు నీళ్లు బాగా వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడి, హిందూ మహాసముద్రంలో కొన్ని దశాబ్దాల్లో చూడనంత బలమైన డైపోల్ ఏర్పడింది. తర్వాతి చలికాలం ఆర్కిటిక్ సుడి అసాధారణంగా బలపడి, చెదరకుండా నిలిచింది. 2020 మార్చిలో అక్కడ ఓజోన్ రికార్డు స్థాయిలో పడిపోయింది. ఆ బలానికి ఒక మూలం మన సముద్రపు డైపోల్ అని బ్రిటన్ వాతావరణ శాఖ పరిశోధకులు లెక్కలు చూపారు. అప్పట్లో మన పత్రికల్లో ఆస్ట్రేలియా కార్చిచ్చుల వార్తలు వచ్చాయి, డైపోల్ పేరు కూడా ఒకటి రెండు చోట్ల కనబడింది. ఆర్కిటిక్‌తో ముడి పెట్టిన వార్త మాత్రం నా కంట పడలేదు.

మరో పరిశోధన మన దేశంలో జరిగిందే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2019లో ప్రచురించింది. భూమధ్యరేఖ వెంట నెల, రెండు నెలలకోసారి తూర్పుకు కదిలే వానమేఘాల గుంపును శాస్త్రవేత్తలు ఎంజేవో అంటారు. నీళ్లు వేడెక్కిన మేర విస్తరించడంతో ఈ గుంపు హిందూ మహాసముద్రం మీద మునుపటికంటే 3, 4 రోజులు తక్కువగా, పశ్చిమ పసిఫిక్ మీద 5, 6 రోజులు ఎక్కువగా ఉంటోందట. ఇది పశ్చిమ పసిఫిక్ మీద ఉన్నప్పుడే ఇందాక చెప్పిన అల్యూషియన్ అల్పపీడనం లోతవుతుంది, ధ్రువ సుడి చెదిరే అవకాశం పెరుగుతుంది. మన వాతావరణ శాఖ ప్రతి గురువారం ఇచ్చే ముందస్తు అంచనాలో ఎంజేవో ఎక్కడుందో ఉంటుంది. దాన్ని వానల కోసం తప్ప ఇంకెందుకూ ఎవరూ చదవరు.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు మా అన్నయ్య కూతురి కుటుంబం డల్లాస్ శివారులో కరెంటు లేక పిల్లలతో సహా కారులో హీటరు వేసుకుని కూర్చుంది. ఇక్కడ మాకు ఒకటే టెన్షన్. ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. అంతకు ముందు జనవరి మొదట్లో ధ్రువ స్ట్రాటోస్ఫియర్ ఒక్కసారిగా వేడెక్కిన మాట నిజం. అయితే అదే ఈ చలికి కారణమా అన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. పైగా అది ఎల్ నినో చలికాలం కాదు, దానికి తిరగబడిన లా నినా, అంటే పసిఫిక్ నీళ్లు చల్లబడిన చలికాలం. సుడి చెదరడం లా నినా ఏడాదుల్లో కూడా తక్కువేమీ కాదు. కాబట్టి "మన సముద్రం వేడెక్కింది, డల్లాస్ గడ్డకట్టింది" అని హెడ్డింగ్ పెట్టమని నేను అడగడం లేదు.

నేను అడిగేది ఇది. వోర్టెక్స్ వార్త వేసే రోజు పక్కన చిన్న బాక్సులో పసిఫిక్, హిందూ మహాసముద్రాల ఉష్ణోగ్రత ఎలా ఉంది, ఎంజేవో ఎక్కడుంది అన్న రెండు ముక్కలు ఇవ్వండి. చెప్పడానికి మనిషి కావాలంటే దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో 1,024 యాంటెన్నాలతో పై పొరల గాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. హైదరాబాద్‌లోనే స్ట్రాటోస్ఫియర్‌లోకి పెద్ద బెలూన్లు పంపే టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) కేంద్రం ఉంది. ఆ బెలూన్లు ఏ పొలంలోనో దిగినప్పుడు 'వింత వస్తువు' అని మాత్రం పెద్దగా రాస్తాం.

రెండో విన్నపం ఇంకా ముఖ్యం. సముద్రం ఎంత వేడెక్కిందో ఉపగ్రహాలు పై పొరనే చూస్తాయి, మబ్బు కమ్మితే అదీ సరిగా తెలియదు. లోపలి సంగతి చెప్పేవి నడిసముద్రంలో లంగరు వేసి నిలిపిన బోయాలు, అంటే నీటిపై తేలే కొలత పరికరాలు. 2004 నుంచి భారత్, అమెరికా, మరికొన్ని దేశాలు కలిసి హిందూ మహాసముద్రంలో 'రామా' పేరుతో వీటి వరుస నడుపుతున్నాయి. బంగాళాఖాతంలో మన సొంత బోయాలూ ఉన్నాయి. వీటి నీడన చేపలు చేరతాయి. దాంతో పడవలను వీటికి కట్టేయడం, తాళ్లు కోయడం, సెన్సర్లు పీకేయడం జరుగుతోంది. ఒక్క బోయా పోతే మళ్లీ పెట్టడానికి ఓడ వెళ్లాలి, ఈలోగా ఆ చోటి కొలతలు ఉండవు. తుఫాను హెచ్చరికకూ ఈ కొలతలే కావాలని మత్స్యకారులకు చెప్పకుండా వాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. చేపలు ఎక్కడ దొరుకుతాయో ఇన్‌కాయిస్ తెలుగులో పంపే సందేశాలు వాళ్ల ఫోన్లకు వస్తూనే ఉన్నాయి. అందులోనే "బోయా కనిపిస్తే దూరంగా ఉండండి, మీ తుఫాను కబురు అందులోంచే వస్తుంది" అని ఒక్క వాక్యం కలపాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం హార్బర్లలో బోయా ఫొటోతో బోర్డులు పెట్టాలని మత్స్యశాఖకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను. వేట నిషేధం నడిచే రోజుల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి ఆ పని అప్పుడే అయితే మంచిది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
కాకినాడ