నల్లా నీళ్లు రుచి చూసినాకే సంతకం పెట్టాను

చికాగో,
అక్టోబర్ 6

నాయినా,

"కొత్త ఇల్లు తీసుకున్నది మంచి ఏరియానేనా బిడ్డా?" అని ఫోన్‌లో మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ "మంచిదే" అన్నాను. నీకు నమ్మకం కుదరలేదని ఆ తర్వాత నువ్వు మాట్లాడకుండా ఉన్న తీరుతోనే తెలిసింది. అందుకే రాస్తున్నా. అమ్మకు చదివి వినిపించు. నేరాల ముచ్చట వచ్చినచోట మాత్రం కొంచెం మెల్లగా చదువు.

కాలేజీలో ఉన్నన్నాళ్లు ఇల్లు వెతకడమనే పనే లేదు. సీనియర్లు ఖాళీ చేసిన రూంలో మేం దూరిపోయాం. ఉద్యోగం చికాగోలో అనగానే మొదలైంది టెన్షన్. ఈ ఊరిని 77 ఏరియాలుగా లెక్కేస్తారు. "సౌత్ సైడ్ అస్సలు వద్దు" అని అందరిదీ ఒకటే మాట. పేరుపడ్డ చికాగో యూనివర్సిటీ ఉన్న హైడ్ పార్క్ కూడా ఆ సౌత్ సైడ్‌లోనే ఉంది! మనది నల్గొండ అనగానే "ఫ్లోరైడ్ ఊరా?" అని అడిగేవాళ్లు గుర్తొచ్చారు. ఊరికి ఒకసారి ముద్ర పడితే అది పోదు.

అయినా భయం భయమే కదా. ఏ వీధిలో ఏ రోజు ఏ నేరం జరిగిందో 2001 నుంచీ లెక్కలు నగరం వెబ్‌సైట్‌లో ఉన్నాయి. తెరిచి చూస్తే మ్యాప్ నిండా చుక్కలే. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మూడో రోజు తెలివొచ్చింది. చుక్కలు ఎక్కువున్నచోట దుకాణాలూ ఎక్కువే, జనమూ ఎక్కువే. మన క్లాక్ టవర్ సెంటర్‌లో పోయినన్ని పర్సులు పానగల్లు చెరువు కట్ట మీద పోతాయా? దుకాణంలో సబ్బు దొంగతనానికీ చుక్కే, రోడ్డు మీద మనిషిని ఆపి దోచుకున్నా చుక్కే. రెండోదాన్ని విడదీసి, అదీ నేను ఆఫీసు నుంచి తిరిగొచ్చే వేళకే చూసుకుంటే లెక్క వేరేగా కనపడింది.

ఒక తప్పు కూడా చేయబోయాను, తిట్టకు. మంచి ఫోటోలతో సగం కిరాయికే ఒక ఇల్లు కనపడింది. ఓనర్ వేరే దేశంలో ఉన్నాడట, అడ్వాన్స్ పంపితే తాళాలు పోస్టులో వస్తాయట. డబ్బు పంపే బటన్ దాకా పోయాను. "తాళం చెవి చేతిల పడకుండ పైస ఇయ్యొద్దు" అని దిల్‌సుఖ్‌నగర్‌లో నువ్వన్న మాట అప్పుడు అడ్డం పడింది. ఆ ఫోటోలే ఇంకో పేరుతో ఇంకోచోట దొరికాయి.

ఆ దిల్‌సుఖ్‌నగర్ రోజు నాకు బాగా గుర్తుంది. పగలు నాలుగు హాస్టళ్లు చూసి, నచ్చినదాని గల్లీకి రాత్రి తొమ్మిదింటికి మళ్లీ తీసుకుపోయావు. కిరాణా కొట్టాయన దగ్గర అవసరం లేకున్నా బిస్కెట్ ప్యాకెట్ కొని, "ఈ గల్లీల ఆడపిల్లలు ఎన్నింటి దాంక తిరుగుతరు?" అని అడిగావు. అప్పుడు సిగ్గేసింది. మొన్న నేను చేసిందీ అదే.

రోజర్స్ పార్క్ అని ఊరికి ఉత్తరం కొసన, చెరువు పక్కన ఉంటుంది. చెరువంటే మిషిగన్ సరస్సు, అవతలి ఒడ్డు కనపడదు. నేనూ, నాతో ఉండబోయే వనపర్తి అమ్మాయీ రాత్రి తొమ్మిదిన్నరకు మోర్స్ స్టేషన్‌లో దిగి నడిచాం. లాండ్రీ తెరిచే ఉంది, లోపల ఒకావిడ బట్టలు మడతపెడుతోంది. చెవుల్లో పాటలు పెట్టుకుని ఒక పిల్ల ఒంటరిగా మమ్మల్ని దాటిపోయింది, వెనక్కి కూడా చూడలేదు. కుక్కను తిప్పుతున్న పెద్దావిడను ఆపి అడిగాను. పద్దెనిమిదేళ్లుగా అక్కడే ఉంటోందట. "ముందు వీధిలో భయం లేదు, రాత్రి పూట వెనక సందులోంచి మాత్రం రాకు. గుమ్మంలో పార్సిల్ ఉంచకు" అంది. ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకని మాట అది.

ఇక ఖర్చు. ఇద్దరం పంచుకుంటే తలా 850 డాలర్లు. జీతం కిరాయికి మూడింతలు ఉండాలన్నారు, ఉంది. ఆఫీసుకు రెడ్ లైన్ రైలు ముప్పావు గంట లోపే, అది రాత్రంతా నడుస్తుంది. డేవన్ వీధికి 155 నంబరు బస్సు ఉంది, కందిపప్పు నుంచి గోంగూర దాకా అక్కడ దొరుకుతాయి. హీటర్ ఖర్చు ఓనర్‌దే. సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా పగలు ఇల్లు 20 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలని ఇక్కడ రూలు. కాకపోతే పాత బిల్డింగ్, ఆవిరి గొట్టాలు. తెల్లవారుజామున ఎవరో సుత్తితో కొట్టినట్టు మోగుతాయి. మొదటి రోజు ఇద్దరం లేచి కూర్చున్నాం.

అసలు సంగతి నీళ్లు. ఇల్లు చూపించే అతను కిచెన్ గురించి పొగుడుతుంటే, నేను నల్లా తిప్పి దోసిట్లో పట్టి రుచి చూశాను. అతను వింతగా చూశాడు. మర్రిగూడ దగ్గర పుట్టినవాళ్ల అలవాటు అతనికేం తెలుసు? ఫ్లోరైడ్ నీళ్లతో పాడైన నాయినమ్మ మోకాళ్లు చూస్తూ పెరిగినదాన్ని. ఇక్కడి నీళ్లలో కావాలనే ఫ్లోరైడ్ కలుపుతారు నాయినా, పళ్లు పుచ్చకుండా ఉండటానికి! లీటరుకు 0.7 మిల్లీగ్రాములు, అంతే. 1.5 దాటితేనే మనకు తంటా కదా. చదివి చాలాసేపు అట్లనే కూర్చున్నా.

ఇక్కడి బాధ సీసం. 1986 దాకా చిన్న ఇళ్లకు నీళ్లొచ్చే గొట్టాలు సీసంవే వేయాలని ఈ ఊరి రూలు. ఇప్పటికీ 4 లక్షల దాకా ఉన్నాయి. మాది 24 ఇళ్ల బిల్డింగ్. అంత పెద్దదానికి వేసే లావు గొట్టాలు సీసంవి ఉండవట, కానీ లోపలి అతుకుల్లో ఉండొచ్చు. నగరంవాళ్లు ఉచితంగా సీసాలు పంపి పరీక్ష చేస్తారు. పొద్దున లేచి ఏ నల్లా తిప్పకముందే పట్టి పంపాను. అప్పటిదాకా అన్నానికి కూడా ఫిల్టర్ జగ్గు నీళ్లే.

రిపోర్టు రాగానే ఫోటో పెడతా. నాకంటే నువ్వే బాగా చదువుతావు. కాకపోతే మన బోరు కాగితంలో ఉన్నట్టు మిల్లీగ్రాములు కాదు, అందులో వెయ్యో వంతు లెక్కన ఇస్తారు. అంకె పెద్దగా కనపడితే అమ్మకు చూపించకముందే నాకు ఫోన్ చెయ్యి.

నీ బిడ్డ