ఉమ్మడి డాక్ భద్రత: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో లేక్ లేనియర్ సరస్సు ఒడ్డున ఉన్న మన ఉమ్మడి డాక్ (పడవలు కట్టే, నీటిపై తేలే వేదిక) నిర్వహణపై కార్యదర్శిగా సమర్పిస్తున్న నివేదిక ఇది. వనభోజనాల ఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి కాబట్టి, ఇక్కడ పడవ వెనక కట్టి లాగే గాలి ట్యూబులు, నిలబడి తెడ్డు వేసే పాడిల్ బోర్డులు, తేలే చాపల సంగతి మాత్రమే చెబుతాను. ఈ ఏడాది మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి అవే.

జులైలో ఒక శనివారం ముగ్గురు కూర్చునే ట్యూబును ముందు కొక్కానికి ఒకే తాడు వేసి కట్టి, అందరం భోజనానికి పైకి వెళ్లాం. జార్జియాలో వేసవి మధ్యాహ్నం ఉరుముల వాన ఎంత తొందరగా కమ్ముకుంటుందో తెలిసి కూడా వెళ్లాం. పులిహోర వడ్డన పూర్తి కాకముందే ట్యూబు గాలికి లేచి, గిర్రున తిరిగి, పక్కవారి డాక్ మీద పడింది. అదృష్టవశాత్తు అక్కడ ఎవరూ లేరు. ఆ ముడి వేసింది నేనే.

అంతకంటే పెద్ద పొరపాటు గంట తర్వాత బయటపడింది. అసలు కట్టకుండా వదిలేసిన పాడిల్ బోర్డు ఒకటి కొట్టుకుపోయింది. ఖాళీ బోర్డు చూసినవారు మనిషి మునిగిపోయాడనే అనుకుంటారు. అలాగే అనుకుని ఎవరో అత్యవసర సేవలకు ఫోను చేశారు. అందరం ఒడ్డునే ఉన్నామని తేలేవరకు గాలింపు పడవ తిరుగుతూనే ఉంది. ఇప్పుడు ప్రతి బోర్డు మీదా, ట్యూబు మీదా చెరగని సిరాతో యజమాని పేరు, ఫోను నంబరు రాయిస్తున్నాం. రాయని వస్తువును డాక్ మీద ఉంచనివ్వడం లేదు.

ఆగస్టులో ముడుల శిక్షణ పెట్టాం. తాడును క్లీట్ (డాక్ మీద తాడు కట్టే రెండు కొమ్ముల కొక్కెం) మొదట్లో ఒక చుట్టు చుట్టి, రెండు కొమ్ముల మీదుగా 8 అంకె ఆకారంలో తిప్పి, చివరి మెలికను తిరగేసి బిగించాలి. పిల్లలు పది నిమిషాల్లో నేర్చుకున్నారు, తండ్రులకు ఇంకాస్త సమయం పట్టింది. కోనసీమ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ ఇదంతా చూసి, "రెండు వైపులా కట్టకపోతే పడవ నిలవదని మా రేవులో చిన్నపిల్లలకు కూడా తెలుసు బాబూ" అన్నారు. రెండు చోట్ల కట్టాలన్న నిబంధన ఆ మాట తర్వాతే రాసుకున్నాం. ఒడ్డున చెట్లకు కట్టడం మాత్రం మానాలి. సరస్సు నిండు మట్టం సముద్ర మట్టానికి 1,071 అడుగుల ఎత్తైనా, వర్షాలు తగ్గితే నీరు దిగుతుంది. డాక్ నీటితోపాటు దిగుతుంది కానీ చెట్టు దిగదు కదా.

పొద్దున్న చల్లటి వేళ 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి నింపిన బోర్డును ఎండలో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విడిపోతాయి. ఈ ఏడాది ఒక బోర్డు అలాగే పోయింది. నీటిలోంచి తీయగానే కొంత గాలి వదిలి నీడలో పెట్టండి.

లాగే తాళ్లను పరిశీలించి, పోగులు లేచిన రెండింటిని పారేశాం. ఒకరు కూర్చునే ట్యూబుకు కనీసం 1,500 పౌండ్లు, ఇద్దరికి 2,375, ముగ్గురికి 3,350, నలుగురికి 4,100 పౌండ్లు తట్టుకునే తాడు కావాలి. స్కీయింగ్ తాడుతో ట్యూబు లాగవద్దు. ఇది ఇంతకుముందు చెప్పినా ఎవరూ వినలేదు కాబట్టి మళ్లీ చెబుతున్నాను.

డాక్ మీదికి కరెంటు తీగ లాగి గాలి పంపు నడపడం పూర్తిగా ఆపేశాం. తీగ లోపంతో నీటిలోకి కరెంటు పాకితే ఈదేవారి కండరాలు బిగుసుకుపోతాయి, పైకి ఏమీ కనిపించదు. బ్యాటరీ పంపు ఒకటి కొన్నాం. పాడిల్ బోర్డును అమెరికా తీర రక్షక దళం (కోస్ట్ గార్డ్) 2008 నుంచి పడవగానే పరిగణిస్తోంది కాబట్టి దాని మీద లైఫ్ జాకెట్ ఉండి తీరాలి. పిల్లలు మాత్రం దాన్ని తొడుక్కునే ఎక్కాలి.

ఆరబెట్టే చట్రం ఇంకా కట్టలేదు. డాక్‌కు ఏ మార్పు చేయాలన్నా సరస్సును నిర్వహించే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ అనుమతి కావాలి. అంతవరకు తడి ట్యూబులను చుట్టి పెట్టెలో కుక్కవద్దు. సెప్టెంబరులో ఆ పెట్టె మూత తెరిచింది నేనే, ఆ బూజు వాసన ఇంకా గుర్తుంది.

బ్యాటరీ పంపును అరువు తీసుకున్న సభ్యులు దయచేసి వచ్చే సమావేశానికి తీసుకురావాలి.

కార్యదర్శి