వెలుగును సరిచేసిన ఆ పెద్దమనిషికి కృతజ్ఞతలు

అయ్యా, విజయవాడలో మా సమకాలీన నృత్య బృందం 10వ వార్షికోత్సవ ప్రదర్శన సవ్యంగా సాగడానికి కారకులై, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన మీకు మా బృందమంతా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది.

నర్తకి కదలికను ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని పరారుణ కిరణాలను పట్టే) కెమెరా పసిగట్టగా, వెనుక తెరపై వెలుగు గీతలు ఆమెను అనుసరించేలా ప్రదర్శనను రూపొందించుకున్నాము. రిహార్సల్‌లో ఆ గీతలు ఆమెను వదిలేసి ఎటెటో పోతుంటే, కుర్చీల్లోంచి లేచి వచ్చిన మీరు, వేదిక పక్కనున్న హాలోజన్ దీపాలు కంటికి కనిపించే వెలుగు కన్నా పరారుణ కిరణాలనే ఎక్కువగా వెదజల్లుతాయని, కెమెరాను తికమక పెడుతున్నవి అవేనని ఓపికగా వివరించి, వాటి స్థానంలో ఎల్‌ఈడీ దీపాలను దగ్గరుండి పెట్టించారు. చివరి అంశంలో తరంగం పళ్లెం, అంటే కూచిపూడి నర్తకి అంచుపై నిలబడి ఆడే ఇత్తడి పళ్లెం, ఉంది. కూచిపూడికి ఇంత దగ్గరలో ఆడుతూ దానిని వదులుకోవడానికి మాకు మనసొప్పలేదు. ఆ ఇత్తడి అంచు మెరుపు కూడా కెమెరాను ఏమారుస్తుందని గమనించి, దాని కోణాన్ని మీరే కాస్త మార్చారు. ప్రేక్షకుల చప్పట్లలో అధిక భాగం ఆ అంశానికే దక్కింది.

మీరు పుచ్చుకోకుండా వెళ్లిన పారితోషికం మా వద్దనే ఉన్నది. దయచేసి ఒకసారి మా శిక్షణ శాలకు వచ్చి స్వీకరించగలరు. అలాగే మా పిల్లలకు దీపాల గురించి ఒక పూట పాఠం చెప్పవలసిందిగా ప్రార్థన.