గుమ్మాలు ఇక్కడ చేసి పంపను, అమ్మలూ

అమలాపురం,
జూన్ 16

అమ్మలూ,

ఫోన్‌లో చెబితే సగం విని "సరే నాన్నా" అంటావు. మిగతా సగం మేస్త్రీకి నీకు తోచినట్టు చెబుతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఫోటో తీసి అల్లుడుగారికి కూడా పంపు.

హైదరాబాద్‌లో మీరు కడుతున్న కొత్త ఇంటికి గుమ్మాలు, తలుపులు అన్నీ ఇక్కడే నా చేత్తో చేసి పంపమన్నావు. మీ అమ్మ కూడా నీ పక్కే. కానీ నేను పంపను. మోకాళ్ల నొప్పులున్న మాట నిజమే గానీ కారణం అది కాదు.

మన పెరటి గది తలుపు గుర్తుందా? వానాకాలం వస్తే పడేది కాదు. స్కూలుకి పోయేముందు కాలితో ఒక్క తాపు తన్ని మూసేదానివి. ఎండాకాలం వచ్చేసరికి దానంతటదే తెరుచుకునేది. "గోడ ఒరిగిందిలే" అని నీకు చెప్పాను, మీ అమ్మకీ అదే చెప్పాను. గోడకేం కాలేదు. మీ అత్త పెళ్లికి రెండు నెలలు కూడా లేదు, చుట్టాలకి గది కావాలి, చేతిలో డబ్బు లేదు. పెరట్లో వేపచెట్టు కొట్టించి, దుంగని సామిల్లుకి తోలి, కోయించిన పదిహేను రోజులకే గుమ్మం బిగించేశాను. పచ్చి కర్ర. ఉలి దింపుతుంటే చేతికి చెమ్మ తగులుతోంది, నాకు తెలుస్తూనే ఉంది. ఆరాక ఒక నిలువు మెలి తిరిగింది. ఊళ్లోవాళ్లు నాచేత తలుపులు చేయించుకుంటుంటే నా ఇంట్లో తలుపు పడదని ఎలా చెప్పుకోను? గోడ మీదకి తోసేశాను.

వేపలో తప్పు లేదమ్మా, నా తొందరలోనే ఉంది. చెట్టు కొట్టేశాక కూడా కర్ర గాలిలో చెమ్మ పీలుస్తుంది, వదులుతుంది. పొడుగులో మార్పు దాదాపు ఉండదు, అంతా వెడల్పులోనే. అందులోనూ అన్ని చెక్కలూ ఒకటి కాదు. దుంగ గుండె మీదుగా కోసిన చెక్క తక్కువ కదులుతుంది, అంచు వైపు కోసింది దానికి రెట్టింపు దాకా కదులుతుంది. చెక్క చివర చూడు. చెట్టు వలయాల గీతలు నిటారుగా నిలబడి ఉంటే తీసుకో. పడుకుని ఉంటే ఆ చెక్క ఆరేకొద్దీ, పెనం మీద కాలిన దోసె అంచులా లేస్తుంది.

మనది కోనసీమ. చుట్టూ కాలువలు, కొబ్బరితోటలు, పక్కనే సముద్రం. ఇక్కడ ఆరిపోయిందనుకున్న కర్ర మీ దగ్గర మార్చి, ఏప్రిల్ ఎండలకి ఇంకా ఆరుతుంది. తొమ్మిది అంగుళాల టేకు పలక రెండు మిల్లీమీటర్లు తగ్గిందంటే చాలు, పాలిష్ తగలని గీత ఒకటి పలక అంచున బయటపడుతుంది. కుసి, అంటే బెజ్జంలో దూర్చడానికి చెక్క కొసన చెక్కిన నాలుక, వదులవుతుంది. నాన్న చేసిన తలుపు అని నువ్వు పదిమందికి చూపిస్తుంటే నేను ఇక్కడ టెన్షన్ పడుతూ కూర్చోవాలి. కాబట్టి కర్ర అక్కడే కొను. గుమ్మాలు గోడతో పాటే లేస్తాయి కనక వాటికి టైమ్ ఉండదు, బాగా ఆరిన కర్రే చూసి తీసుకో. గోడలోకి పోయే వైపు తారు పూయించు. తలుపు రెక్కల చెక్క మాత్రం ఇప్పుడే కోయించి, మధ్య మధ్య బద్దలు పెట్టి పేర్చి, నీడలో గాలి ఆడేచోట ఉంచు. ఆ గాలికి అదే అలవాటు పడుతుంది.

ఇల్లంతా టేకే కావాలన్నావు. సింహద్వారానికి పెట్టు, కాదనను. ఎండ, వాన రెండూ తగిలేది దానికే. టేకులో నూనె ఉంటుంది, చెదలు అంత తేలిగ్గా ముట్టవు, ఒకసారి ఆరాక పెద్దగా కదలదు, ఉలికి లొంగుతుంది. ఈ గుణాలన్నీ చేవకే, అంటే నడిమి ముదురు చెక్కకే, అంచున ఉండే తెల్లచెక్కకి కాదు. కుర్ర చెట్టులో ఆ తెల్లచెక్కే ఎక్కువ. విదేశాల నుంచి తోటల్లో పెంచిన టేకు చాలా వస్తోంది, చవగ్గా ఉందని చూపిస్తారు. అది టేకు కాదని అనను. కానీ ముదరకుండా కొట్టిన చెట్టులో చేవ ఎంత ఉంటుంది? బల్లార్షా టేకు దొరికితే చూడు, ఖరీదెక్కువ. 2023లో అయోధ్య గుడికి బల్లార్షా ఉన్న ఆ చంద్రపూర్ వైపు నుంచే, మహారాష్ట్ర నుంచి, టేకు పంపారు, అప్పటినుంచి కర్ర అమ్మే అడితివాళ్లకి చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది.

లోపలి గుమ్మాలకి టేకు దండగ. నల్లమద్ది గానీ వేగిస గానీ వేప గానీ చూడు. నల్లమద్ది బాగా బరువు. మేకు నేరుగా దిగదు, ముందు బరమాతో బెజ్జం వేసుకోవాలి. ఉలి ఊరికే మొండిదవుతుంది. పనివాళ్లు సణుగుతారు, కూలీ ఎక్కువ అడుగుతారు. ఇచ్చెయ్, వాళ్లు అడిగేది న్యాయమే. వేగిస అని చెప్పి ఇంకేదో అంటగడతారని అనుమానం వస్తే చిన్న ముక్క గ్లాసు నీళ్లలో వెయ్యి, కాసేపటికి నీళ్లు నీలం ఛాయ తిరుగుతాయి. మీ తాతయ్యకి షుగర్ వచ్చినప్పుడు ఎవరో చెప్పారని ఆ నీళ్లు తాగేవాడు. నాకు మాత్రం కర్రని గుర్తుపట్టడానికే పనికొచ్చాయి.

పూజగదికి పనస పెట్టు. ఇది నా కోరిక అనుకో. బొబ్బిలి వీణ చేసేది ఆ కర్రతోనే. చిత్రిక పట్టి నునుపు చేసిన కొత్తలో పసుపు ముద్దలా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు రంగు తిరుగుతుంది. దాని మీద రంగు పూయించకు. మామిడి పలకలు స్లాబు పోసేటప్పుడు కింద పెట్టే సెంట్రింగ్‌తోనే సరి, ఇంట్లోకి రానివ్వకు, పుచ్చిపోతాయి. తుమ్మ నీకు అక్కర్లేదు, బండీ లేదు నాగలీ లేదు.

అల్లుడుగారు డాబా మీద తాటి దూలాలతో పాక వేద్దామంటున్నారని మీ అమ్మ చెప్పింది. మంచిదే, కానీ ఒకటి చెప్పు. మిగతా చెట్లకి చేవ లోపల ఉంటుంది, తాటికి బయట. నల్లటి ఈనెలన్నీ పైవైపునే, మధ్యలో మెత్తటి బెండు. అందంగా కనబడాలని పైన చెక్కించారంటే బలం అంతా తీసి పారేసినట్టే. ముదురు చెట్టువే కొనాలి.

వంటింటి కింది అరలకి ప్లైవుడ్ వాడమనే చెబుతాను. అది మొదట వచ్చినప్పుడు నేనే ముక్కు విరిచాను. పల్చటి పొరలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం అంటిస్తారు, ఒకదాన్నొకటి కదలనివ్వవు. ఇందాక నేను చెప్పిన గొడవంతా దానికి లేదు. సింకు దగ్గర ఐఎస్ 710 ముద్ర ఉన్నది, అంటే నీళ్లకి తట్టుకునే రకం, పెట్టించు. హాల్లో టీవీ వెనకకి మామూలు రకం, ఐఎస్ 303 చాలు. ముద్ర చెక్క మీద చూడు, బిల్లు మీద కాదు. బాత్రూం తలుపులకి కర్ర జోలికే పోకు.

అడితికి నువ్వొక్కదానివే వెళ్లకు, టేపు పట్టుకుని వెళ్లు. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు గుమ్మానికి గడపతో కలిపి ఇరవై ఒక్క అడుగుల కర్ర పడుతుంది. 5×3 అంగుళాల సైజులో 21ని 15తో గుణించి 144తో భాగించు, 2.19 ఘనపుటడుగులు. బిల్లులో 5×3 అని రాసి నాలుగున్నర, రెండున్నర ఉన్న కర్ర చేతికిచ్చేవాళ్లున్నారు. అరంగుళమే కదా అనిపిస్తుంది, లెక్క వేస్తే సరిగ్గా పావు వంతు పోయినట్టు. చిత్రిక పట్టాక తగ్గుతుందంటారు. తగ్గుతుంది, కానీ అంత తగ్గదు. ఇంకోటి, రంగు పూశాక అన్నీ టేకే. పచ్చి చెక్క మీద ఉలితో గీకించి, వాసన చూసి, అంచున తెలుపు ఎంతుందో చూసి అప్పుడు బేరం ఆడు.

ఇక్కణ్ణుంచి పంపేది ఒకటుంది. తాతయ్య ఇంటి అటక కింది టేకు దూలం. ఏజెన్సీ అడవిలో కొట్టిన దుంగల్ని తెప్పలు కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రి గట్టుకి చేరేవి. అక్కడ కొన్నదని మా నాన్న చెప్పేవాడు. పన్నెండు అడుగులు, ఎనిమిది అంగుళాలు, ఆరంగుళాలు. అంటే నాలుగు ఘనపుటడుగులు. సింహద్వారం రెండు రెక్కలకి సరిపోతుంది, గుమ్మానికి చాలదు. ఇన్నేళ్లూ ఆరిన కర్రే అయినా వెంటనే కోయించకు. నీ ఇంట్లో ఇటుకల మీద పెట్టి రెండు నెలలు ఉంచు, దానికీ కొత్త ఊరే కదా. మేకులు పదిహేడు తీశాను, ఒకటి తల విరిగి లోపలే ఉండిపోయింది. అక్కడ సుద్దముక్కతో గుండ్రంగా గీశాను, చెరిగిపోతే మళ్లీ గియ్యి. సామిల్లువాడి రంపం దానికి తగిలితే వాడు నన్ను తిడతాడు. నడిమధ్యలో ఉయ్యాల కొక్కెం ఉన్న బెజ్జం ఉంది, అది రెక్క పైకి రాకుండా కోయించు. లేదా రానివ్వు, నీ ఇష్టం.

రెండు నెలలయ్యాక నేనే వస్తాను. ఉలులు, చిత్రిక, మూలమట్టం తెచ్చుకుంటాను, నువ్వేమీ కొనొద్దు.

దూలం కొబ్బరికాయల లారీలో రేపు సాయంత్రం బయలుదేరుతుంది. డెబ్బై కిలోల పైనే ఉంటుంది, అల్లుడుగారిని చెయ్యి వెయ్యనివ్వకు, నడుం పట్టేస్తుంది. దింపుడు కూలీ లారీ అబ్బాయికి ఇక్కడే ఇచ్చేశాను, మళ్లీ అడిగితే ఇవ్వకు.

నాన్న