వార్షిక నివేదిక: దాళ్వా నీటికి లెక్క కట్టిన ఏడాది

నీటి సంఘ సభ్యులందరికీ నమస్కారం.

పూడికతీత, గుర్రపు డెక్క తొలగింపు, తూముల మరమ్మతు ఎప్పటిలాగే కాలువలు కట్టేసిన రోజుల్లో జరిగాయి. జమాఖర్చులు సంఘం బోర్డు మీద అంటించాం, చూసుకోండి. ఈసారి నివేదికలో ఎక్కువ భాగం నీటి లెక్కకే ఇస్తున్నాం.

కిందటి సర్వసభ్య సమావేశంలో కాలువ చివరన ఉండే శివారు రైతులు అడిగింది ఒక్కటే: "నీటి వంతు ఆలస్యమైతే చేను ఎన్నాళ్లు ఆగుతుంది?" ఎవరి అనుభవం వాళ్లు చెప్పారు గానీ లెక్క ఎవరి దగ్గరా లేదు. సార్వాలో, అంటే వానాకాలపు పంటలో, గోదారి నిండుగా ఉంటుంది కాబట్టి ఆ బెంగ తక్కువ. దాళ్వాలో, అంటే రెండో పంటలో, ఏటి ప్రవాహం పడిపోయాక ధవళేశ్వరం కింద మూడు డెల్టాలూ ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటి కోసం ఎదురుచూడాల్సిందే.

ఉపసంఘం నాలుగు కంప్యూటర్ మోడళ్లను పరిశీలించింది. స్వాట్ అనేది నేల వాలును బట్టి నదీ పరీవాహకం మొత్తానికి లెక్క కట్టేది. బల్లపరుపు నేలలో లాకులూ తూములూ నీటిని నడిపించే మన దగ్గర అది పనికిరాదని మొదట్లోనే పక్కన పెట్టాం. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారి ఒరైజా వరి పెరుగుదలను చాలా లోతుగా చూస్తుంది. అయితే ప్రతి రకానికీ పొలంలో కొలతలు తీసి సరిచూసుకోవాలి. అది మార్టేరు వరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చేయగల పని, మనది కాదు.

మిగిలిన రెండూ, క్రాప్‌వాట్, ఆక్వాక్రాప్, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థవి, ఉచితంగా దొరుకుతాయి. వంతుల లెక్కకు క్రాప్‌వాట్ తీసుకున్నాం. ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, ఎండ కాసిన గంటలు ఇస్తే పెన్‌మన్-మాంటీత్ సూత్రంతో రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు ఆవిరవుతుందో చెబుతుంది. దాన్ని పైరు దశ గుణకంతో హెచ్చవేస్తుంది: వరి నాటిన కొత్తలో 1.05, నడి దశలో 1.20. నారుమడి, దమ్ము (నాట్లకు ముందు నీరు పెట్టి బురదగా దున్నడం), ఇంకుడు కూడా విడివిడిగా అడగడం మాకు నచ్చింది.

అయితే అందులో ముందే పెట్టి ఉన్న వరి ఫైలును అలాగే వాడకూడదు. నారుమడి 30 రోజులు పోను, నాటాక ఇంకో 120 రోజులు ఉంటుందని అది అనుకుంటుంది. మన కాటన్‌దొర సన్నాలు అనే వరి రకానికి విత్తు నుంచి కోత దాకా కలిపే ఇంచుమించు 120 రోజులు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారి పేరున్న వడ్లకే కాలువ నీటి లెక్క తప్పితే ఏం బాగుంటుంది! ఆ నెల రోజులు తగ్గించకపోతే కాలువలు కట్టేయాల్సిన రోజుల్లోనూ నీరు కావాలని చూపిస్తుంది.

ఇంకుడు సంగతి కంప్యూటర్ చెప్పదు, మనమే కొలవాలి. చేలో రెండు డ్రమ్ములు పాతి లోపల కూడా నాట్లు వేశాం. ఒకదానికి అడుగు ఉంది, రెండోదానికి కోసేశాం. అడుగున్న దాంట్లో తగ్గింది పైరు తాగిందీ ఆవిరైందీ. రెండో దాంట్లో అంతకన్నా ఎంత ఎక్కువ తగ్గితే అంత భూమిలోకి ఇంకినట్టు. ఏటిగట్టు పక్క ఇసుక కలిసిన చేలకూ లోపలి బంకమట్టి చేలకూ ఒకే అంకె పెట్టడం కుదరదని దీంతో తేలిపోయింది. నా దృష్టిలో ఈ ఏడాది చేసిన అసలు పని ఇదే.

లెక్క ఇలా నడుస్తుంది. పూత దశలో రోజుకు 6 మిల్లీమీటర్లు పైరుకు, 2 ఇంకుడుకు అనుకుందాం. చేలో 5 సెంటీమీటర్ల నీరుంటే ఆరు రోజులు ఆగుతుంది. ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) నీరు రోజంతా పారితే 75 ఎకరాలకు ఆ రోజు ఖర్చు తీరుతుంది. అది చేలోకి చేరిన నీటికి మాత్రమే. బోదెల్లో (చేలకు నీరు తెచ్చే పిల్ల కాలువల్లో) పోయేదీ, ఎగువన రాత్రిపూట తూము పైకెత్తేదీ ఏ మోడల్‌కీ తెలియదు. నాట్ల తేదీ పదిహేను రోజులు ఆలస్యం చేసి చూస్తే పూత ముదిరిన ఎండల్లో పడి అవసరం పెరిగింది. నారుమళ్లు త్వరగా పోయమని కాలువ చూసుకునే లస్కరు ఊరికే అనడం లేదు.

చేపల చెరువుల మాట ఎత్తితే కొందరికి కోపం వస్తుంది, అయినా రాయక తప్పదు. నిలిచిన నీటి గుణకం 1.05, అంటే రోజువారీ ఆవిరి వరికంటే మరీ ఎక్కువేం కాదు. చిక్కు నింపేటప్పుడే. ఎకరం చెరువును అయిదడుగులు నింపాలంటే ఒక క్యూసెక్కు రెండున్నర రోజులు పారాలి. వరి పూతకొచ్చిన వారంలో చెరువులు నింపుకోవద్దని కార్యవర్గం తీర్మానించింది.

సముద్రం వైపు ఉప్పు తేలే చేలకు క్రాప్‌వాట్ చాలదు. ఉప్పునూ, పైన ఉండే భూగర్భ జలాన్నీ లెక్కలోకి తీసుకునే ఆక్వాక్రాప్‌ను వచ్చే దాళ్వాలో అక్కడ వాడతాం. అందుకు ఆ చేలల్లో నేల, నీటి నమూనాలు తీయాలి. చేను ఇవ్వదలచినవారు, వానమాపిలో రోజూ అంకె రాయగల కుర్రాళ్లు సార్వా కోతల్లోపు కార్యదర్శి గారి దగ్గర పేరు రాయించండి. చెరువుల రైతులు విస్తీర్ణం, నింపే తేదీ కూడా అప్పుడే చెప్పాలి.